ముగ్గురికి పోని లక్ష

వరంగల్,
18 ఆగస్టు 1962

స్టేషన్ ఘన్‌పూర్ ఆడపిల్లల బడిలో పంతులమ్మగా ఉన్న శారదకు,

నా పేరు గౌరిశెట్టి భద్రమ్మ. భర్త కీర్తిశేషులు గౌరిశెట్టి నాగయ్య. వయస్సు అరవై ఎనిమిదో డెబ్బయ్యో. హైదరాబాదులో మూసీ పొంగిన ఏడు నేను అత్తగారింటికి వచ్చాను, అక్కడి నుంచి ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. కాపురం వరంగల్ చౌరస్తా వెనుక సొంత ఇంట్లో. ముందర గదిలో ఇత్తడి సామాన్ల దుకాణం. కొడుకులు ముగ్గురు: రామలింగం, రాంచందర్, వీరేశం. కోడళ్లు ముగ్గురు: కమల, పద్మ, రాజేశ్వరి. పొయ్యి ఒక్కటే. నాకు చదువు రాదు. నేను చెప్పగా దస్తావేజులు వ్రాసే నర్సింగరావు వ్రాస్తున్నాడు. ఉత్తరాన్ని ఉత్తరంలాగా వ్రాయవయ్యా అంటే, నలభై ఏండ్లు భూముల కాగితాలు వ్రాసిన చెయ్యి ఇట్లాగే పోతుందంటున్నాడు. పోనీ. నేను చెప్పేదీ దావాయే.

మొన్న మాఘంలో ఎనిమిది గ్రహాలు ఒక్కచోట చేరాయనీ, లోకం మునుగుతుందనీ ఊరంతా వణికింది గదా. రాంచందర్ దుకాణం మూసి మూడు రోజులు దేవుడి గదిలోనే పడుకున్నాడు. అప్పుడు నేను మడికొండ మెట్టుగుట్ట మీది రామలింగేశ్వరునికి మొక్కుకున్నాను. మొక్కిన మాట ఇది: "సామీ, ఈ గండం గడిపి నా ఇల్లు నిలబెడితే వచ్చే ఏడు శివరాత్రికి నీ ముందట లక్ష వత్తులు ఎలిగిస్త. నా కోడండ్లే చేస్తరు. సరిసమానంగా చేస్తరు. ఒకరిది ఎక్కువ లేదు, ఒకరిది తక్కువ లేదు."

సమానమని ఎందుకన్నానంటే, ఈ ముగ్గురూ గరిటెడు నెయ్యి కూడా పక్కదాని విస్తరి చూసి గాని వేసుకోరు. లోకం మునగలేదు. మొక్కు నా మీద ఉండిపోయింది.

నూరు వత్తులకు ఒక కట్ట. వెయ్యి కట్టలైతే లక్ష. ఎవరి వంతు ఎంతో ముందే తేలుద్దామని పెద్ద తాంబాళంలో వెయ్యి చింతగింజలు పోశాను, కట్టకొక గింజ. ముగ్గురినీ కూర్చోబెట్టి నీకొకటి, నీకొకటి, నీకొకటి అని నా చేతులతో పంచాను. చివరకు ఒక గింజ మిగిలింది.

"గింజ ఎక్కువొచ్చినట్టుంది అత్తమ్మా" అన్నది రాజేశ్వరి.

"ఎక్కడికెల్లి వస్తది? గింజలేమన్న పిల్లల్ని కంటయా?" అన్నాను.

మళ్లీ పంచాను. మళ్లీ ఒకటి. సరే, గింజంటే కట్ట గదా అని, కమల చేసి పెట్టిన ఒక కట్ట విప్పి నూరు వత్తులూ పంచాను. అందులోనూ ఒకటి మిగిలింది. వెయ్యిలో మిగిలేదీ ఒకటే, నూరులో మిగిలేదీ ఒకటేనా? ఇదేమి న్యాయం?

"పెద్దదాన్ని, ఆ ఒక్కటి నేనే చేస్త" అన్నది కమల.

"అంటే పున్నెం మీకే ఎక్కువ రావాల్నా అక్కా?" అన్నది పద్మ.

"అయితే ఎవ్వరు చెయ్యొద్దు" అన్నది రాజేశ్వరి.

ఆ ఒక్క వత్తిని మూడు ముక్కలు చేద్దామన్నాను. అప్పుడు లక్ష కాదు, లక్షా రెండు అవుతాయన్నది పద్మ. ఆ పిల్ల నోరు మంచిది కాదు గాని లెక్క సరిగానే చెప్పింది. రామలింగం దుకాణంలోంచి అరిచాడు, "ఒక్క వత్తికి ఏమైతదే అమ్మా, దేవుడు లెక్కబెడతడా?" అని. "దేవుడంటే నీ గిరాకి అనుకున్నవురా?" అన్నాను. వ్యాపారం చేసే కొడుకులకు అంతా ఉజ్జాయింపే.

నా నాలుగో కొడుకు విశ్వనాథం పోయి ఏడాది తిరగకముందే నీవు ట్రైనింగు చదువుతానని బయలుదేరావు. "గడప దాటితే మల్ల రాకు" అన్నాను. రాలేదు. ఏడేండ్లయింది. ఇప్పుడు వ్రాయించేది నీ కోసం కాదు, లెక్క కోసం. నీవు పిల్లలకు లెక్కలు చెప్పి జీతం తీసుకుంటున్నావట. ఉజ్జాయింపు చెప్పవు. నా పంపకంలో తప్పు ఎక్కడ జరిగిందో అది మాత్రం వ్రాయి. వేరే సంగతులు వ్రాయవద్దు.

గౌరిశెట్టి భద్రమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర
సాక్షులు: మొగిలయ్య, దుకాణంలో పనివాడు, సమ్మమ్మ, పక్కింటి ఆమె
వ్రాసినవాడు: నర్సింగరావు


స్టేషన్ ఘన్‌పూర్,
25 ఆగస్టు 1962

పూజ్యులైన అత్తమ్మకు శారద నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం అందింది. మీ పంపకంలో తప్పు లేదు. మీ గింజల్లోనూ తప్పు లేదు. లక్ష ముగ్గురికి సమానంగా పోదు.

ఎందుకో చెబుతాను. పదిని ముగ్గురికి పంచండి. తలా మూడు. తొమ్మిది పోయాయి, ఒకటి మిగిలింది. నూరు పంచండి. తలా ముప్పై మూడు. తొంభై తొమ్మిది పోయాయి, ఒకటి మిగిలింది. వెయ్యిలో తొమ్మిదివందల తొంభై తొమ్మిది పోతాయి. ఒకటి పక్కన సున్నాలు ఎన్ని పెట్టినా అంతే. తొమ్మిదులన్నీ ముగ్గురికీ చక్కగా సర్దుకుంటాయి, ఒకటి బయట నిలబడుతుంది. లక్షలో తలా ముప్పై మూడు వేల మూడు వందల ముప్పై మూడు పోగా మిగిలేది ఆ ఒకటే. మీరు కట్ట విప్పి చూసినప్పుడు మళ్లీ ఒకటే మిగలడం కూడా అందుకే.

ఎవరూ ఏమీ దాచలేదు. ఎవరినీ అనుమానించకండి.

వేరే సంగతులు వ్రాయవద్దన్నారు గనుక వ్రాయడం లేదు.

మీ కోడలు
శారద


వరంగల్,
20 సెప్టెంబరు 1962

శారదకు,

నేను భద్రమ్మను. పేరూ ఊరూ ముందటి కాగితంలో ఉన్నాయి, మళ్లీ వద్దంటే నర్సింగరావు ఒప్పుకోలేదు. వయస్సు నెల పెరిగింది.

నీవు వ్రాసింది ఇంట్లో అందరి ముందర చదివించాను. కొడుకులు తలలూపారు. నాకు మాత్రం తల తిరిగింది. పది చిన్నది, అందుకే ముగ్గురికి చాలలేదు, అది అర్థమైంది. నూరూ అంతే అనుకుందాం. కానీ లక్ష ఎంత పెద్దది! అంత పెద్ద ఇంట్లో ముగ్గురు సర్దుకోలేరా? పెద్దదైన కొద్దీ గుణం కూడా పెద్దది కావాలి గదా. రామలింగాన్ని కోటికి వేసి చూడమన్నాను. కాగితం మీద వేసి, ఒకటే మిగిలిందన్నాడు. ఇంకా పైకి వెళ్లమన్నాను. "ఎంత దూరం పోయినా అదేనే అమ్మా" అని పెన్సిలు పారేశాడు.

ఎంత దూరం పోయినా బయట నిలబడే ఆ ఒకటి ఎవరిది? దానికి తిండి ఎవరు పెడతారు? రాత్రి అన్నం ముందర కూర్చొని ఇదే అడిగితే వీరేశం నవ్వాడు. పళ్లెం తీసి అవతల పెట్టించాను.

మెట్టుగుట్ట గుడిలో పూజచేసే అయ్యగారిని అడిగాను. లక్షా ఎనిమిది చేయమన్నాడు. మన పెద్దలు నూటికి ఎనిమిది, వెయ్యికి ఎనిమిది కలిపేవారు గదా, అట్లా కలిపితే ముగ్గురికీ సరిగ్గా పోతుందన్నాడు. రామలింగం వేసి చూశాడు, నిజంగానే పోయింది. తలా ముప్పై మూడు వేల మూడు వందల ముప్పై ఆరు. అందరూ సంతోషపడ్డారు, నేను తప్ప. నేను మొక్కింది లక్ష. "దుకాణంల గిరాకికి కొసరు ఏస్తం. దేవునికి కొసరేస్తనా అయ్యగారూ?" అన్నాను. చెప్పినదానికంటే తక్కువ ఇస్తే మోసం. ఎక్కువ ఇస్తే, చెప్పిన మాట మీద మనకే నమ్మకం లేనట్టు.

కమలా పద్మా మాట్లాడుకోవడం మానేశారు. ఉప్పు కావాలన్నా సమ్మమ్మను మధ్యన పెట్టి అడుగుతున్నారు. వత్తులు ఆగిపోయాయి. ఇల్లు నిలబెట్టమని మొక్కితే ఆ మొక్కే ఇల్లు కూల్చేటట్టున్నది.

కనుక ఇంకొక మాట అడుగుతున్నాను. ముగ్గురికి పోని ఈ లక్ష, ఎంతమందికి పోతుంది? దాని మనసులో ఏమున్నది? నిజం చెప్పు. నాకు నచ్చేటట్టు చెప్పకు.

నీకు అక్కడ వంట ఎవరు చేస్తారు? ఈ ముక్క కొట్టివేయమన్నాను. నర్సింగరావు వినలేదు.

భద్రమ్మ వేలిముద్ర
సాక్షులు: మొగిలయ్య, సమ్మమ్మ

(వ్రాసినవాని మనవి: ఒకసారి నోట చెప్పింది కాగితం మీద పడ్డాక కొట్టివేతలు పెడితే దస్తావేజు చెల్లదమ్మా. అందుకే ఉంచాను. నర్సింగరావు.)


స్టేషన్ ఘన్‌పూర్,
9 అక్టోబరు 1962

పూజ్యులైన అత్తమ్మకు శారద నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది. బడిలో పరీక్షలని వ్రాద్దామనుకున్నాను గాని అది నిజం కాదు. పరీక్షలు అయిపోయి వారమైంది.

లక్ష మనసులో ఏమున్నదని అడిగారు. మీరు కట్ట విప్పినట్టే లక్షనూ విప్పవచ్చు. సగం చేస్తే యాభై వేలు. మళ్లీ సగం, మళ్లీ సగం, అట్లా ఐదుసార్లు చేయవచ్చు. మూడు వేల నూట ఇరవై ఐదు దగ్గర ఇక సగం కాదు. అక్కడి నుంచి ఐదేసి భాగాలు చేస్తూ పోతే, అదీ ఐదుసార్లు చేయగానే ఒకటి దగ్గరికి వచ్చి ఆగుతుంది. లోపలంతా రెండ్లూ ఐదులే. మూడు అనేది వెతికినా దొరకదు. లేనిదాన్ని మనం బయటికి లాగలేము.

కనుక రెండ్లతో, ఐదులతో అయ్యే లెక్కకు లక్ష సులభంగా ఒప్పుకుంటుంది. ఇద్దరికి పోతుంది. నలుగురికి, ఐదుగురికి పోతుంది. ఎనమండుగురికి, పదిమందికి పోతుంది. ఆరుగురికి పోదు, ఆరులో మూడు దాగి ఉన్నది గనుక. ఏడుగురికి పోదు. తొమ్మిదిమందికి పోదు.

మీకు దగ్గరగా ఉన్నది నాలుగు. నలుగురైతే తలా రెండు వందల యాభై కట్టలు, గింజ మిగలదు. నాలుగో మనిషిగా మీరే కూర్చోండి. మొక్కుకున్నది మీరు. కోడళ్ల పక్కన అత్త కూర్చుంటే దేవుడు కాదనడు. వాళ్ల మధ్యన మీరుంటే మాటా మాటా కూడా కలుస్తుంది.

నాకు తెలిసిన లెక్క ఇంతే.

వంట నేనే చేసుకుంటాను. ఒక్కదానికి ఎంత వంట? మీరు ఈ ముక్క అడగలేదనే అనుకోండి.

శారద


వరంగల్,
2 నవంబరు 1962

శారదకు,

నేను చెప్పగా వ్రాసినది.

నాలుగో మనిషివి నీవే కూర్చో అని నాకు వ్రాస్తావా? నేను ఎంతమందికి పోతుందని అడిగితే, నీకు తట్టిన నాలుగో మనిషి నేనా? నర్సింగరావు ఆ వాక్యం చదివి కలం పక్కన పెట్టి నా ముఖం చూశాడు. ఆయనకు తట్టింది. నీకు తట్టలేదా? తట్టి కూడా వ్రాయలేదా? ఈ రెండిట్లో ఏదో నాకు తేలడం లేదు.

అయ్యగారిని ఇంటికి పిలిపించి, గ్లాసెడు పాలు ముందర పెట్టి అడిగాను. మాటలు మాటలుగానే వ్రాయమన్నాను.

"అయ్యగారూ, ఈ వత్తులు నేను చెయ్యొచ్చునా? నా మొగడు పోయి పదేండ్లు దాటె."

"మొక్కు మీదే కదమ్మా. పెద్దవారు. దోషం లేదు."

"బొట్టు లేదు కద?"

"లేకున్నా దోషం లేదమ్మా."

"మరి బొట్టు లేని ఇంకో మనిషి చేస్తే?"

"ఎవరమ్మా?"

"ఎవరైతే ఏంది? దోషం బొట్టుకా, మనిషికా?"

"వయసు కూడా చూడాలి కదమ్మా."

"శివుడు వయసు అడుగుతడా? ఆయన వయసు ఎంతనో మీకు ఎరుకేనా?"

అయ్యగారు పాలు చల్లారిపోతున్నాయని గబగబా తాగి చెప్పులు వెతుక్కున్నాడు. గడప దగ్గర నిలబడి "మీ ఇష్టం భద్రమ్మగారూ" అన్నాడు. శాస్త్రం అంటే అదే అనుకొని పట్టుకున్నాను.

నా కోడళ్లు సరిసమానంగా చేస్తారని మొక్కాను. ముగ్గురు అని మొక్కలేదు. నా నోట ముగ్గురన్న మాట రాలేదు. ఆ రోజు నా మనసులో ఎంతమంది ఉన్నారని నన్నే అడిగితే, గ్రహాల భయంలో ఎవరు లెక్కపెట్టారు అంటాను.

సంగతి ఇంట్లో చెప్పాను. కమల చేతిలో పత్తి కింద పెట్టింది.

"శారద వచ్చి పక్కన కూసుంటే నేను లేస్త అత్తమ్మా. ఇంట్ల శుభకార్యాలున్నయి, ఆడపిల్ల పెండ్లికుంది" అన్నది.

"నువ్వు లేస్తే మల్ల ముగ్గురే మిగులుతరు. లక్ష పోదు. కూసో" అన్నాను.

పద్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. కమల పద్మను కసిరింది. ఉప్పు దగ్గర మానిన మాట అక్కడ మొదలైంది. కమల లేవలేదు.

కనుక నీవు రా. తలా రెండు వందల యాభై కట్టలు. శివరాత్రి ఫిబ్రవరిలో. ఇప్పుడు మొదలుపెడితే అందుతుంది. ఇది అడగడం కాదు, చెప్పడం.

భద్రమ్మ వేలిముద్ర
సాక్షులు: మొగిలయ్య, సమ్మమ్మ


స్టేషన్ ఘన్‌పూర్,
24 నవంబరు 1962

అత్తమ్మకు,

చైనా యుద్ధం నిధి కోసం పిల్లలను వెంటబెట్టుకొని ఊరూరా తిరుగుతున్నాను. ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించివేశాను. మీ నర్సింగరావుగారు చూస్తే నా కాగితం చెల్లదంటారు.

నాకు తట్టలేదా అని అడిగారు. తట్టింది. మీ మొదటి ఉత్తరం చదివిన సాయంత్రమే తట్టింది. బడిలో నల్లబల్ల మీద లక్ష వేసి, కింద నాలుగు వేసి, జవాబు చూసి తుడిచివేశాను. కావాలనే వ్రాయలేదు. నేను ఆ మాట అంటే, లెక్క పేరు చెప్పుకొని ఇంట్లోకి దూరుతున్నానని మీరు అనకపోయినా నేను అనుకునేదాన్ని.

ఇప్పుడు మీరు రమ్మంటున్నారు. నేను రాను.

మీ మొదటి కాగితంలో కోడళ్లు ముగ్గురని వ్రాయించి వేలిముద్ర వేశారు. సాక్షులున్నారు. లక్ష ముగ్గురికి సరిగ్గా పోయి ఉంటే నాకు ఆ ఉత్తరమైనా వచ్చేది కాదు. ఒకటి మిగిలింది గనుక నేను గుర్తుకు వచ్చాను. లెక్కలో వెలితి పూడ్చడానికి వచ్చిన మనిషి, లెక్క తీరిన మరునాడు ఏమవుతుంది? శివరాత్రి తెల్లవారి నేను ఎక్కడ కూర్చోవాలి? వెనుక గదిలోనా?

నేను ఆ ఇంట్లో దాదాపు ఏడాది ఉన్నాను, ఆయన పోయాక. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అన్నం పెట్టారు. కానీ పేరంటానికి ఎవరైనా వస్తే నేను వెనుక గదిలోకి వెళ్లాలని ఎవరూ చెప్పకుండానే తెలిసేది. పిల్లలకు ఎక్కాలు చెబుతూ కూర్చునేదాన్ని. అక్కడే నాకు ఈ పని వచ్చని తెలిసింది. అందుకు మీ మీద కోపం లేదు. ఉన్నదో లేదో కూడా సరిగా తెలియదు. కొన్నాళ్లు ఉన్నట్టుంటుంది, కొన్నాళ్లు మీ చేతి పచ్చిపులుసు గుర్తుకొస్తుంది.

మీరు కూర్చోండి. నలుగురవుతారు. లక్ష పోతుంది. నాతో పని లేదు.

శారద


వరంగల్,
27 డిసెంబరు 1962

చిరంజీవి శారదకు అత్త భద్రమ్మ దీవించి వ్రాయించునది.

నా పేరు గౌరిశెట్టి భద్రమ్మ. వయస్సు ముందు చెప్పినదే. ఇంట్లో కొడుకులు ముగ్గురు ఉన్నారు, ఒకడు పోయాడు. కోడళ్లు నలుగురు. ముగ్గురు ఇక్కడ, ఒకతె స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉద్యోగం మీద.

నీ ఉత్తరం నర్సింగరావు రెండుసార్లు చదివాడు. మొదటిసారి నాకు కోపం వచ్చింది. రెండోసారి ఏమొచ్చిందో నాకు తెలియదు. లేచి వెనుక గదిలోకి పోయి చూశాను. ఇత్తడి బిందెలు పేర్చి ఉన్నాయి. ఎందుకు పోయానో కూడా మరిచిపోయి బయటికి వచ్చాను.

ఆ తర్వాత నీవు చెప్పినట్టే చేశాను. కమల, పద్మ, రాజేశ్వరి కూర్చున్నారు. నాలుగో పీట మీద నేను కూర్చున్నాను. గింజలు పంచాను. తలా రెండు వందల యాభై. ఒక్క గింజ మిగలలేదు. తాంబాళం అడుగున నా ముఖం కనబడింది. అంతా చప్పట్లు కొట్టారు. రామలింగం లోపలికి వచ్చి "ఇగ ఫికర్ లేదే అమ్మా" అన్నాడు.

వత్తులు మొదలుపెట్టాము. నా వేళ్లు వంకర పోయినా వత్తి సన్నగానే వస్తుంది. పద్మ చేసేవి లావు. చెప్పినా వినదు. కార్తీకం పోయింది, మార్గశిరం పోయింది. మొన్నటికి నలుగురమూ తలా రెండు వందల కట్టలు పూర్తి చేశాము. ఇంక యాభై యాభై చేస్తే అయిపోతుంది. లక్ష తీరుతుంది. నీతో లెక్క పని అయిపోయింది. అది నీవూ చెప్పావు, నేనూ చూశాను.

అయిపోయిందంటే నిమ్మళంగా ఉండాలి గదా. నాకు నిమ్మళం లేదు. రెండు రోజులు పత్తి ముట్టలేదు. మూడో రోజు పొద్దున తాంబాళం తెమ్మన్నాను.

"మల్ల ఏందత్తమ్మా?" అన్నది రాజేశ్వరి.

ఒక్కొక్కరి ముందర నుంచి యాభై గింజలు వెనక్కి తీసుకున్నాను. నా ముందర నుంచీ యాభై తీసుకున్నాను. అన్నీ ఒక్కచోట పోశాను. ఐదో కుప్ప అయింది. మిగతా నాలుగు కుప్పలెంతో అదీ అంతే, రెండు వందలు. గింజ మిగలలేదు. అది ఎవరిదని ఎవరూ అడగలేదు. పద్మ నవ్వలేదు. కమల ఆ కుప్పనే చూస్తూ కూర్చున్నది.

"నలుగురికి పోయినదాన్ని ఐదుగురికి ఎందుకు చేస్తాన్నవే? పని పెంచుకుంటాన్నవు" అన్నాడు రామలింగం.

ఎందుకో నాకు మాటల్లో రాదు. వచ్చినంత వరకు చెబుతాను, నర్సింగరావు సర్ది వ్రాస్తాడు. లక్ష నిన్ను పిలిచిందన్నావు. ఒప్పుకున్నాను. ముగ్గురికి పోనంటే నీ దగ్గరికి వచ్చాను. ఇప్పుడు లక్ష నిన్ను పిలవడం లేదు. దానికి నలుగురు చాలు. నీవు లేకుండా హాయిగా పోతుంది. పోతున్నదాన్ని నేను ఆపాను. ఇది లక్ష చేసిన పని కాదు, దేవుడు చేసిన పని కాదు, అయ్యగారు చెప్పిన పని కాదు. ఇది నేను చేశాను. పిలిచేది నేను.

గడప దాటితే రాకు అన్నాను. అన్నది నా నోరు. రమ్మనేదీ అదే నోరు కావాలి. వేరే ఎవరు పిలిచినా రాకు.

ఎట్లా రావాలో చెబుతాను. ఉద్యోగం మానవద్దు. మానితే ఊరుకోను. ఆదివారం ఆదివారం పొద్దుటి బండికి రా, సాయంత్రం బండికి పో. బడికి సెలవులుంటే ఉండు. అక్కడ కూర్చొని వత్తులు చేసి పార్సిలు పంపితే తీసుకోను. ముందర హాలులో, అందరి మధ్యన కూర్చొని చేయాలి. పేరంటానికి ఎవరైనా వస్తే లేవకూడదు. వచ్చినవాళ్లకు ఇష్టం లేకపోతే వాళ్లే లేస్తారు. శివరాత్రి తెల్లవారి ఎక్కడ కూర్చోవాలని అడిగావు. అక్కడే.

ఆ ఐదో కుప్ప ఎవరూ ముట్టరు. నేనూ ముట్టను. నీవు రాకపోతే, ఎనభై వేల వత్తులు పట్టుకొని గుట్ట ఎక్కను. ఎనభై వేలకు నేను మొక్కలేదు. ఇంట్లోనే కూర్చుంటాను. మొక్కు తప్పిన పాపం నా మీద వేసుకుంటాను, నీ మీద వేయను. అయ్యగారికి ఈ మాట చెబితే చెవులు మూసుకున్నాడు. మూసుకోనీ.

నీవు వస్తావో రావో నాకు తెలియదు. నీకు కోపం ఉన్నదో లేదో నీకే తెలియదన్నావు. తేలేదాకా ఆగకు. వత్తులు చేస్తూ చేస్తూ తేలుతుంది, తేలకపోయినా ఏమీ కాదు. పచ్చిపులుసు చేస్తాను.

ఈ కాగితం అయ్యాక సాక్షి సంతకానికి మొగిలయ్యను పిలిచాము. వాడు చేతులు కడుక్కొని వచ్చాడు. అంతలో కమల వచ్చి కలం తీసుకున్నది.

"ఇది బయటోళ్లు పెట్టే సాక్షి కాదు, పో మొగిలయ్యా" అన్నది.

నేను ఎవరినీ పెట్టమనలేదు.

గౌరిశెట్టి భద్రమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర

వ్రాసినవాడు: నర్సింగరావు

సాక్షులు:
గౌరిశెట్టి కమల, పెద్ద కోడలు
గౌరిశెట్టి పద్మ, రెండో కోడలు
గౌరిశెట్టి రాజేశ్వరి, మూడో కోడలు